మూడో అంతస్తు, లిఫ్టు లేదు

మా ఆస్పత్రిలో రోగుల బాగోగులు చూసే సోషల్ వర్కర్‌ని అందరూ ‘అలాగేనండి’ అని పిలిచేవారు. ఎవరేం చెప్పినా ఆమె నోట వచ్చే మాట అదే. సూపరింటెండెంట్ గదిలో గుమస్తాగా కూర్చునే నాకు ఆమెను చూస్తే జాలి కన్నా చిరాకే ఎక్కువ వేసేది.

‘కాదు’ అనడం నేర్చుకు రమ్మని పైవాళ్లు ఆమెను శిక్షణకు పంపారు. కోప్పడకుండా, బతిమాలకుండా, ఒకే మాటను అదే గొంతుతో ఎన్నిసార్లయినా చెప్పాలని అక్కడ నేర్పారట. ముందు ఇంట్లో సాధన చేసింది. “అత్తయ్యా, ఈ ఆదివారం నేను వంట చేయను,” అంది. అత్తగారు నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి జ్వరం మాత్ర ఇచ్చారు.

అసలు పరీక్ష దర్జీ తాత విషయంలో వచ్చింది. తుంటి ఎముక విరిగి చేరిన ఒంటరి మనిషి. ఆపరేషన్ అయిపోయింది కాబట్టి మంచం ఖాళీ చేయించి ఇవాళే ఇంటికి పంపేయమని సూపరింటెండెంట్ హుకుం.

“పంపలేం సర్. ఆయనది మూడో అంతస్తు. లిఫ్టు లేదు.”

“ఆ మంచం కోసం బయట ఎంతమంది ఉన్నారో తెలుసామ్మా?”

“తెలుసు సర్. మూడో అంతస్తు. లిఫ్టు లేదు.”

ఆయన గొంతు పెంచాడు. ఆమె పెంచలేదు. నేను సర్దిన ఫైళ్లనే మళ్లీ సర్దుతూ కూర్చున్నాను. చివరికి ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, “సరే, వృద్ధాశ్రమంలో చోటు దొరికేదాకా ఉంచండి,” అన్నాడు. నాకు పట్టరాని సంతోషం వేసింది. ఆ కబురు చెప్పడానికి ఆమె వార్డుకు వెళ్తే వెనకే నేనూ వెళ్లాను.

“నేను మా ఇంటికి వెళ్తానమ్మా,” అన్నాడు తాత.

“మూడో అంతస్తు తాతగారూ. లిఫ్టు లేదు.”

“నేను మా ఇంటికి వెళ్తానమ్మా.” అదే గొంతు. ఆయన్ని ఏ శిక్షణకీ ఎవరూ పంపలేదు.

“కాస్త నడక వచ్చాక వెళ్దురుగాని.”

“మీరు ఆశ్రమానికి పంపినవాళ్లలో మళ్లీ ఇంటికెళ్లిన వాళ్లున్నారా?”

ఒక్కరూ లేరు. ఆ సంగతి నాకూ తెలుసు. ఆమె స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

“మిమ్మల్ని అడగడమే మర్చిపోయాను తాతగారూ,” అంది.

తిరిగి సూపరింటెండెంట్ దగ్గరికే వచ్చింది.

“దర్జీ తాతని ఇంటికి పంపుతున్నాం సర్. ఒక కుర్చీ, మోయడానికి ఇద్దరు మనుషులు, రోజూ వెళ్లి చూసొచ్చే నర్సు కావాలి.”

“పంపలేమన్నది నువ్వే కదమ్మా? మూడో అంతస్తని?”

“అవును సర్. లిఫ్టు లేదు. అందుకే ఇద్దరు.”