చూపించిన సరుకే పంపాను

మోసపోయే రకాన్ని కాదని ఊరంతా చెప్పుకుని తిరిగిన మనిషిని నేను. చిలకలూరిపేట దగ్గర ఓ ఊళ్లో పద్నాలుగేళ్లుగా నెట్ సెంటర్ నడుపుతున్నాను. జిరాక్సు, స్కానింగు, పంట నమోదు, పింఛను దరఖాస్తు, రైలు టికెట్టు, ఏది కావాలన్నా చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లు నా దగ్గరికే రావాలి. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజుకు పదిమందికి పాఠం చెప్పేదాన్ని. పాఠం విని కూడా చెప్పేసి ఏడుస్తూ వచ్చినవాళ్లకు ముఖం వాచేలా చీవాట్లు పెట్టేదాన్ని. ఆ నోరు ఇప్పుడు బాగా తగ్గింది.

కిందటేడు మిరప కోతలకు ముందు మూడు పాత కంప్యూటర్లు మార్చాల్సి వచ్చింది. వేలిముద్ర యంత్రం తగిలిస్తే అవి గుర్తుపట్టడం లేదు, కొత్త సైట్లు తెరుచుకోవడం లేదు. పేటలో పాత సామాన్ల కొట్టాయన వాటిని కిలోల లెక్కన తీసుకుంటానన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నాకు అన్నం పెట్టిన యంత్రాల్ని తుక్కు ఇనుముతో కలిపి తూకం వేస్తాడట మహానుభావుడు! నేనే ఆన్‌లైన్ వేలంలో పెట్టాను.

పెట్టిన గంటకే మొదలయ్యారు. మొదటివాడు మిలటరీలో ఉన్నానన్నాడు. తను పంపిన కోడును నేను స్కాన్ చేస్తే డబ్బు నా ఖాతాలో పడుతుందట. "తీసుకోడానికి స్కాన్ ఎందుకు నాయనా, ఇవ్వడానికి కదా" అంటే ఫోను పెట్టేశాడు. రెండోవాడు డబ్బు కట్టినట్టు స్క్రీన్‌షాట్ పంపి, సరుకు లారీ ఆఫీసులో వేసెయ్యమన్నాడు. బ్యాంకులో చూస్తే పైసా పడలేదు. "నువ్వు డబ్బు ఫొటో పంపావు, నేను కంప్యూటర్ ఫొటో పంపా, లెక్క సరిపోయింది" అన్నాను. మూడోవాడు పొరపాటున ఎక్కువ పంపేశాననీ, మిగతాది వెనక్కి వెయ్యమనీ ఏడుపు మొదలెట్టాడు. ముగ్గుర్నీ బ్లాక్ చేసి, ఆ కథలు షాపుకొచ్చిన ప్రతివాళ్లకూ అభినయించి మరీ చెప్పాను.

పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లలో మా వీధి చివరి పిన్ని ఉంది. మాకు చుట్టరికం లేదు, వాళ్లు దూదేకుల వాళ్లు. నా చిన్నప్పటినుంచీ నాకు పిన్నే. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయలకు తొడిమలు తీసే పనికి పోతుంది. చదువు రాదు. ఏ కాగితం వచ్చినా నా బల్ల మీద పడేసి, "చదువుకున్నదానివి, నువ్వే చూసుకో అమ్మాయ్" అని స్టూలు మీద కూర్చుని చేతుల మంట ఊదుకునేది. ఆమె ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం అన్నీ నా కంప్యూటర్లో ఉండేవి.

ఆమెవే కాదు, అందరివీ ఉండేవి. రైతులు ప్రతి పంటకూ అవే కాగితాలు మళ్లీ ఇవ్వాలి. చేలోంచి నేరుగా వచ్చి, "పోయినేడు ఇచ్చాం కదమ్మా, అదే తియ్యి" అనేవాళ్లు. నేను తీసేదాన్ని. ఊరి పేరుతో ఒక ఫోల్డరు, దాంట్లో ఇంటిపేర్లు. అంత పద్ధతిగా పెట్టుకున్నందుకు నాకు గర్వంగా ఉండేది.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. ఆయన గుంటూరు మిరప యార్డులో కాటా వేసే మనిషి. అమ్మేవాడు బస్తా మూతి విప్పి, లోపలి కాయ పైకి తీసి చూపించాలి. కుట్టిన బస్తా అమ్మేవాణ్ణి నమ్మొద్దు అనేవాడు నాన్న. బేరం కుదిరాక కాటాకెక్కేదాకా ఆ బస్తాలో అమ్మినవాడు చెయ్యి పెట్టకూడదు. మంచికాయ లాగేసి తాలుకాయ కలిపేవాళ్లుంటారు కదా. "చూపించిన సరుకే కాటాకెక్కాలి" అనేది మా ఇంట్లో అన్నం ముందు కూడా వినపడే మాట. ఆయన పోయి ఆరేళ్లయినా నా చేతులకు ఆ బుద్ధి పోలేదు.

అందుకని కంప్యూటర్ల ఫొటోలు నల్లటి తెరలతో పెట్టలేదు. మూడింటినీ ఆన్ చేసి, వెలుగుతున్న తెరలతో పెట్టాను. తెర మీద నా ఫోల్డర్లన్నీ వరసగా కనపడుతున్నాయి. ఆధార్, పాస్‌బుక్కులు, కౌలు కార్డులు, పింఛన్లు. బస్తా మూతి విప్పి చూపించానని మురిసిపోయాను.

వేలం ముగిసే ముందు ఒకాయన అందరికంటే పైకి పాడాడు. డబ్బు వెంటనే పంపాడు. స్క్రీన్‌షాట్ కాదు, నిజంగా నా ఖాతాలో పడింది. బ్యాంకుకు వెళ్లి మేనేజరు చేత కూడా చూపించుకున్నాను. తర్వాత ఫోన్ చేశాడు. ఎంత మర్యాదో! మేడమ్ గారూ అనే తప్ప మాట లేదు.

"ఒక్క విన్నపమండి. ఫార్మాట్ చేయకండి. ఫొటోలో ఎట్టా ఉన్నాయో అట్టాగే పంపించండి. మళ్లీ అన్నీ ఎక్కించుకోవడం మాకు పెద్ద పనండి" అన్నాడు.

"చూపించిందే పంపుతానండి, మాది మిరప యార్డు ఇల్లు" అన్నాను నేను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న గొప్ప తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

పంపే ముందు ఫోల్డర్లు చెరిపేద్దామా అని ఒకసారి అనిపించింది. అబద్ధం చెప్పను, అనిపించింది. మౌసు మీద చెయ్యి కూడా వేశాను. బేరం అయిపోయాక బస్తాలో చెయ్యి పెట్టినట్టనిపించి తీసేశాను. అట్టపెట్టెల్లో నా పాత చీరలు కుక్కి, ఒక్క గీత పడకుండా పార్సిలు చేశాను. పార్సిలు చేతికందాక ఆయన వెబ్‌సైటులో నాకు అయిదు నక్షత్రాలు ఇచ్చి, సరుకు చెప్పినట్టే ఉందని రాశాడు. దాన్ని ఫోన్లో అందరికీ చూపించాను.

ఎండలు ముదిరాక ఒకరోజు పిన్ని ఒక కాగితం తెచ్చి బల్ల మీద పడేసింది. ఈసారి స్టూలు మీద కూర్చోలేదు.

"టేసన్ నుంచొచ్చింది. ఏందో చదువు" అంది.

చదివాను. ఆమె పేరు మీద ఎక్కడో దూరాన నాలుగు సిమ్ కార్డులు తీసుకున్నారు. వాటితో ఎవరెవరికో ఫోన్లు చేసి మోసం చేశారు. విచారణకు రావాలి. కింద, సిమ్‌ల కోసం ఇచ్చిన ఆధార్ నకలు జతచేశారు. పిన్ని బొమ్మ, పిన్ని నంబరు. ఎడమ పక్క పైనుంచి కిందిదాకా సన్నటి నల్ల గీత.

ఆ గీత నాకు తెలుసు. నా స్కానర్ అద్దం మీద ఉన్న గాటు అది. అద్దం మార్చాలని ఏళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. ఈ భూమ్మీద ఆ గీత పడే స్కానర్ ఒక్కటే ఉంది, అది నా మోచేతి పక్కనే ఉంది. స్కానర్ మూత ఎత్తి, ఆ గాటు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయాను. అందరికంటే ఎక్కువ రేటు ఎందుకు పాడాడో అప్పుడు అర్థమైంది. ఆయనకు కంప్యూటర్లతో పని లేదు.

"ఏందమ్మాయ్, అట్టా అయిపోయావ్?"

"పిన్నీ, ఇది నా దగ్గర్నుంచే పోయింది" అన్నాను. ఇంకో మాట అల్లేంత శక్తి లేకపోయింది.

ఆమె నమ్మలేదు. కంప్యూటర్లు అమ్మడం, లోపల కాగితాలు ఉండిపోవడం, వాడు వాటికోసమే కొనడం, మూడుసార్లు విడమరిచి చెప్పాను. మూడోసారికి మెల్లగా స్టూలు మీద కూలబడింది. కాయ ఘాటుకు ఎర్రబడ్డ చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంది.

"ఇరవై రోజుల కింద ఎస్సైగారు పిలిచి, నీ కార్డు ఎవరి చేతికిచ్చావని అడిగాడు. నువ్వు గుర్తే రాలేదమ్మాయ్. నీ దగ్గర పెట్టడం ఒకరికి ఇవ్వడమా? గ్యాసు కనెక్షనుకని మా అల్లుడు ఒకసారి తీసకపోయాడు, వాడి పేరు చెప్పా. నానా మాటలూ అని పిల్లని ఇంటికి తెచ్చేసుకున్నా" అంది.

నన్ను కొట్టినా బాగుండేది. నా కంటే నీతిగల మనిషి లేదనుకుని బతికాను, నా మీద ఆ మనిషికి అనుమానమైనా పుట్టలేదు, సొంత అల్లుడి మీద పుట్టింది.

ఆ రోజే ఇద్దరం స్టేషన్‌కు వెళ్లాం. అంతా చెప్పి రాసిచ్చాను. ఎస్సైగారు నావైపు జాలిగా చూశాడు. "ఏమ్మా, చదువుకున్నోళ్లేగా? ఫైళ్లు చెరిపినా చాలదు, వెనక్కి లాగుతారు. పూర్తిగా తుడిపించాలి, లేకపోతే డిస్కు ఊడదీసుకుని మిగతాది అమ్మాలి. అంతమందికి పాఠాలు చెప్తారంట మీరు?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది. కొన్నవాడి ఫోను అప్పటికే పనిచేయడం లేదు. వేలం వెబ్‌సైటువాళ్లకు రాస్తే, అమ్మకం సక్రమంగా పూర్తయిందని జవాబిచ్చారు.

మర్నాడు పిన్నిని వెంటబెట్టుకుని చీమకుర్తి వెళ్లాను. అల్లుడు అక్కడ రాయి కోసే యూనిట్లో పనిచేస్తాడు. వచ్చే పోయే లారీల దుమ్ములో నిలబడి ఉన్నాం. అతను కనుబొమలదాకా తెల్లటి పొడితో బయటికొచ్చాడు. అత్తను చూసి ఆగిపోయాడు. తప్పు నాదని, ఆమెకు ఏమీ తెలియదని గబగబా చెప్పేశాను. అతను చివరిదాకా విన్నాడు. ఒక్కసారి కూడా అరవలేదు.

"నన్నొక్క మాట అడగాల్సింది అత్తా" అన్నాడు. పిన్ని చీర కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత నావైపు తిరిగాడు. "మా అత్తకి నేను దొరికా మేడమ్ గారూ. ఆ కంప్యూటర్లలో ఇంకా ఎంతోమంది కాగితాలున్నాయంటన్నారు. వాళ్ల ఇళ్లల్లో ఎవరు దొరికారో పాపం."

ఆ మాట నాకు తట్టనే లేదు. సిమ్‌లు, కేసులు, వాటి గురించే ఆలోచిస్తున్నాను. బస్సులో వచ్చినంతసేపూ నా ఫోల్డర్లలోని ఇంటిపేర్లు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి, ప్రతి ఇంటిపేరు వెనకా మనుషులు ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నట్టనిపించింది. భయమేసింది. నిజంగా భయమేసింది.

షాపు మూసేసి ఇంటింటికీ తిరగడం మొదలుపెట్టాను. మొదటి ఇంట్లో మంచినీళ్లిచ్చి, పోనీలే అమ్మా అన్నారు. రెండో ఇంట్లో తిట్టారు, పడ్డాను. మూడోది పత్తి, మిరప వేసే రైతు ఇల్లు. ఆయనకూ స్టేషన్ నుంచి పిలుపొచ్చిందట. నేను చెప్పింది విన్నాడు. చేతిలో ఉన్న తువ్వాలు మడత పెట్టాడు, మళ్లీ విప్పాడు.

"మా తమ్ముడితో రెణ్ణెల్లుగా మాటల్లేవమ్మా" అన్నాడు. "పొలం మధ్యలో గట్టు కూడా వేసుకున్నాం."