గౌహతి విమానం, రేపల్లె పాసింజరు

మా రేపల్లెలో నా మాటల్ని సగం తరుగు తీసి వింటారు. మీరూ అలాగే చదవండి.

బ్యాంకు ఉద్యోగంలో మా ఆవిడకి గౌహతి బదిలీ అయింది. మొన్న సెలవులైపోయి తను హైదరాబాదులో విమానమెక్కే వేళకి నేను తెనాలిలో రేపల్లె పాసింజరెక్కాను. తనకి రెండున్నర గంటల ప్రయాణం, నాకు గంట. వేమూరులో ఇంజను మొరాయించి మా బండి చక్రాలకి వేర్లు పుట్టాయి.

చాలాసేపటికి పైన విమానం కనబడింది. "మా ఆవిడ వెళ్తోంది," అంటూ కిటికీలోంచి చెయ్యి ఊపాను. పెట్టెలోని రెండొందల మందీ ఊపారు.

"ఏ ఊరు బాబూ?" అంది ఎదుటి సీట్లో కూరగాయల బుట్టతో కూర్చున్న మామ్మ.

"గౌహతి, మామ్మగారూ. దేశానికి ఆ చివర."

"అది మద్రాసు వైపు పోతోందిగా."

పెట్టెంతా నవ్వింది. సిగ్గుతో మిడతంత అయిపోయాను.

"పోన్లే బాబూ, అందులోనూ ఎవరో ఒకరి పెళ్లాం ఉంటుందిగా," అంది మామ్మ.

కాసేపటికి ఫోన్ మోగింది.

"దిగానండి. ఇల్లు చేరారా?"

"వేమూరులో ఉన్నాను."

"ఏంటి, ఇంకా వేమూరేనా?" అని తను నవ్వుతూనే ఉంది. బండి ఇంకాసేపు కదలకపోతే బాగుండుననిపించింది.

రెండొందల మంది ఊపారన్నది మాత్రం నా కల్పన. ఊపింది నేనొక్కణ్ణే. అది తన విమానం కాదని తెలిశాక కూడా, కనుమరుగయ్యేదాకా ఊపాను.