మార్తమ్మగారి ఆదివారం

2021లో నేను అబుదాబి ముసఫ్ఫాలో ఒక ఫ్యాబ్రికేషన్ యార్డులో సేఫ్టీ ఆఫీసర్‌ని. ఇనుప దూలాలు కోసి, అతికించి, క్రేన్లతో ఎత్తే చోటు అది. పొద్దున్నే కార్మికులను నిలబెట్టి ఆనాటి పనిలో ప్రమాదాలేమిటో చెప్పడం నా డ్యూటీ. దాన్ని టూల్‌బాక్స్ టాక్ అంటారు. అన్ని దేశాలవాళ్లూ ఉంటారు కాబట్టి హిందీలోనే చెప్పాలని కంపెనీ రూలు, నేను హిందీలో గొంతు చించుకునేవాణ్ణి. తెలంగాణలో మా నిర్మల్, జగిత్యాల వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లు "హా సాబ్, సమఝ్ గయా" అని తలలూపేవాళ్లు. అర్థమైంది గుండుసున్నా. ఆ తలూపినవాడే పోయి క్రేన్ కింద నిలబడితే నాకు ఒళ్లు మండేది, పరుగెత్తి పక్కకు లాగేవాణ్ణి.

ఆ జబ్బుకు కార్మికులుండే మా క్యాంపులో ఒక్కటే మందు ఉండేది. సూర్యారావుగారు, మార్తమ్మగారు. కోనసీమ దంపతులు. ముసఫ్ఫాలో ఇసుక, నాలుగు షెడ్లు తప్ప ఏమీ లేని రోజుల్లో వచ్చారట. ఆయన లేత్ మెకానిక్, ఆవిడ ఒక అరబ్బుల ఇంట్లో పనిచేసేది. ప్రతి శుక్రవారం సెలవున మా మెస్ హాల్లో క్లాసు పెట్టేవాళ్లు. బోర్డులు చదవడం, అరబ్బీ అంకెలు, ఒంట్లో బాగాలేకపోతే క్లినిక్‌లో ఏం చెప్పాలో ఆవిడ నేర్పేది. యార్డులో పనికొచ్చే హిందీ మాటలు, బస్సు దారులు ఆయన వంతు. ఎవడైనా నోరు తెరిచి "అర్థం కాలేదు" అంటే భోజనం మొదట వాడికే. ఆ భోజనం ఆవిడ వండిందే. ఎప్పుడో ఒకడు ఏమీ తినకుండా వచ్చి పాఠం మధ్యలో కళ్లు తిరిగి పడ్డాడట. అప్పటినుంచి అన్నం పెట్టకుండా క్లాసు లేదు, గరిటె మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేదీ లేదు.

2022 మొదట్లో అక్కడి ప్రభుత్వం వారాంతం మార్చింది. మా కంపెనీలో శుక్రవారం సెలవు ఖలాస్, ఇక ఆదివారమే. ఆవిడ పనిచేసే ఇంట్లోనూ అంతే. క్లాసు కూడా ఆదివారానికి మారుతుందిలే అనుకున్నాం. ఆవిడ రాలేదు. తర్వాతి వారమూ రాలేదు. యార్డులో తలూపుళ్లు మళ్లీ మొదలయ్యాయి. బతిమాలుకుందామని వాళ్ల గదికి వెళ్లాను.

"చూడు బాబూ," అంది ఆవిడ, టీ గ్లాసు నా చేతికిచ్చి. "ఇక్కడికొచ్చిన కాణ్ణుంచీ నా ప్రార్థన శుక్రవారం సాయంత్రమే. ఆదివారం పొద్దున్న మా ఊరంతా చర్చికెళ్తుంటే నేనిక్కడ అంట్లు తోముకునేదాన్ని. ఇన్నేళ్లకి నా ఆదివారం నాకొచ్చింది. దాన్ని ఇచ్చెయ్యమంటే నావల్ల కాదు."

టీ గ్లాసు కింద పెట్టాను. ఏ ముఖం పెట్టుకుని అడగను? లేచి వస్తుంటే సూర్యారావుగారు కిందిదాకా వచ్చారు.

"రావడం ఇష్టం లేక కాదండి," అన్నారాయన. "ప్రార్థనయ్యేసరికి మధ్యాహ్నం. అప్పుడు పొయ్యి వెలిగించి అంతమందికి వండేసరికి చీకటిపడద్ది. ఆకలితో కూర్చోబెట్టి పాఠం చెప్పడం ఆవిడవల్ల కాదండీ. మానేసినందుకు తనే కుమిలిపోతోంది, ఆయ్."

మర్నాడు టూల్‌బాక్స్ టాక్ అయ్యాక ఈ సంగతి తెలుగులోనే చెప్పాను. ఆవిడ దగ్గర చదవడం నేర్చుకున్న వెల్డర్ రాజం నన్ను వింతగా చూశాడు.

"గింతేనా సార్? అమ్మను మంచిగ ప్రార్థన జేస్కొని రమ్మనుండ్రి. అన్నం మేం వండుతం."

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆవిడ చర్చి నుంచి తెల్లచీర, చేతిలో బైబిలుతో నేరుగా మెస్ హాలుకొచ్చింది. పప్పు, పచ్చిపులుసు, వేడన్నం సిద్ధంగా ఉన్నాయి. అలవాటు కొద్దీ గిన్నెల వైపు నడవబోతే రాజం అడ్డం నిలబడి బెంచీ మీద కూర్చోబెట్టాడు. అందరికంటే ముందు ఆవిడకే వడ్డించారు. ఒక ముద్ద తిని, ఉప్పెక్కువైందంది. ఇంకో ముద్ద తిని పైటతో కళ్లు తుడుచుకుంది.

"ఇన్నాళ్లూ ఒక్కరూ వండుతామన్లేదేరా?"

"నువ్వు గంటె పట్టనిస్తెగదా అమ్మా," అన్నాడు రాజం.

హాలంతా నవ్వులు. తిన్న కంచాలు తీసేసి క్లాసు మొదలుపెట్టారు. ఇప్పటికీ ఆదివారాల్లో నడుస్తోంది.

మా పనిలో మాన్యువల్ హ్యాండ్లింగ్ అని ఒక పాఠం ఉంది. చేతులతో బరువులెత్తే పద్ధతి. బరువు ఎక్కువైతే ఇంకో మనిషిని పిలవాలని ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాను. కొంతమంది ఎప్పటికీ పిలవరు. వాళ్ల దగ్గరికి మనమే వెళ్లి ఒక చెయ్యి వెయ్యాలని నాకు నేర్పింది మాత్రం మార్తమ్మగారే.