కింది వరుస కూడా చూశాను

ట్రక్కు నన్ను దింపింది ఉదయం ఏడుంపావుకి. నవంబర్ నెల. సైన్యంలో, మా మాటలో ఫౌజ్‌లో, చేరి నాకు పద్నాలుగేళ్లు. రోడ్డు అక్కడితో అయిపోతుంది. ఎడమ పక్క వాగు, కుడి పక్క గోడలా లేచిన కొండ. మధ్యలో పది గుడారాలు, నలభై కంచరగాడిదలు, ఒక రేకుల షెడ్డు, ఒక టీ దుకాణం. ఆ పైన ఇక నడకే.

షెడ్డులో సామాను ఇచ్చారు. చలికోటు ఒకటి, మంచు బూట్లు ఒక జత, ఉన్ని సాక్సులు మూడు జతలు, ముఖం కప్పే టోపీ ఒకటి. బూట్లు ఒక సైజు పెద్దవి. మార్చమంటే హవల్దార్ పేపరు కుక్కుకోమన్నాడు. తర్వాత ఆర్డర్ చెప్పాడు. సోమ, గురువారాల్లో కంచరగాడిదల వరుస బయలుదేరాలి. ఐదుంపావుకి కదలాలి. పదమూడు వేల అడుగుల మీద ఉన్న కాపలా పోస్టుకి పదకొండు నలభైకి చేరాలి. ఒంటిగంటకి దిగడం మొదలుపెట్టాలి. రెండు దాటితే గాలి లేస్తుంది, ఆ గాలిలో జంతువు కాలు నిలవదు.

టీ దుకాణం ముసలాయన మొదటి రోజే నాకు అక్కడి సంగతి విప్పి చెప్పాడు. కాల్పులు జరిగిన వారం ఫౌజ్ సామాను మోసే కూలి రెట్టింపవుతుందట. ఊళ్లో పెళ్లిళ్లు ఆ నెలల్లోనే పెట్టుకుంటారట. ఆయన అన్న కొడుకులు ఇద్దరిలో ఒకడు మాకు మోస్తాడు. ఇంకొకడు అవతలి వాళ్ల దగ్గరికి, మిలిటెంట్లకి మోయడానికి పోయాడు. వాళ్లు ఎక్కువిస్తారని. కాల్పులు ఆగిపోతే ఏం చేస్తారని అడిగాను. గ్లాసు కడుగుతూనే ఉన్నాడు. ఆకలితో ఉంటాం అన్నాడు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మల్కాజ్‌గిరిలో మా కాలనీ సంఘం వాళ్లు నన్ను రెండు పేజీలు రాయమన్నారు. వార్షికోత్సవం పుస్తకంలో వేస్తారట. వీరగాథ కావాలట, చివర్లో శాలువా కప్పుతారట. మొన్న టీవీలో కొత్త ఆయుధాలు కొంటున్నారని చెబితే మెట్ల దగ్గర చప్పట్లు కొట్టింది కూడా వీళ్లే. ఏం కొంటున్నారో, ఎవరు అమ్ముతున్నారో, పెట్టె విప్పి ఎవరు చూస్తారో ఒక్కరూ అడగలేదు. నేను రాస్తాను. తప్పులుంటే దిద్దుకోండి. నాకు అక్షరం వచ్చింది యాభై రెండో ఏట. మాట మాత్రం మార్చొద్దు.

ఫౌజ్‌కి ముందు నేను కూరగాయల మార్కెట్లో హమాలీని. అప్పుడు హోల్‌సేల్ మోండా దగ్గర ఉండేది. తర్వాత బోయిన్‌పల్లికి మారింది. మా నాయన కూడా అక్కడే మూటలు మోశాడు. కంటోన్మెంట్ యూనిట్లకి పోయే టమాట, ఉల్లిగడ్డ మా భుజాల మీదుగానే పోయేది. సికింద్రాబాద్‌లో సగం ఊరు ఫౌజ్ మీద బతుకుతుంది. పాలవాడు, దర్జీ, చాకలి, ట్రంకుపెట్టెలు చేసేవాడు. మా ఇంట్లో అన్నం కూడా ఆ డబ్బుదే. కాబట్టి నేను బయట నిలబడి రాయి విసరడం లేదు.

మార్కెట్లో నేను నేర్చుకున్న విద్య ఒకటుంది. పెట్టె కొంటే పై వరుస చూడకూడదు. పై వరుస ఎవరైనా మంచిదే పెడతాడు. చెయ్యి లోపలికి పోనిచ్చి కింది వరుస తీయాలి. నొక్కాలి. వాసన చూడాలి. ఈ విషయంలో నన్ను మోసం చేసినవాడు లేడు.

చదువు మాత్రం రాదు. అంకెలు వచ్చు, సంతకం గీయడం వచ్చు. ఐదో తరగతి కాగితం ఒక పెద్దమనిషి రాసిచ్చాడు, దానితో భర్తీ అయ్యాను. కంచరగాడిదలు తోలడానికి చదువెందుకు అనుకున్నాను. పద్నాలుగేళ్లు ఎవరికీ తెలియకుండా దాచాను. నోటీసు బోర్డు ముందు అందరితోపాటు నిలబడి, అందరితోపాటు తల ఊపేవాణ్ణి.

పోస్టులో ఉన్న వైర్‌లెస్ ఆపరేటర్ ఒక్కడే పట్టేశాడు. అతనిది జనగామ. వాళ్ల నాన్న గడియారాలు బాగుచేసేవాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. పన్నెండు మంది ఉన్న ఆ పోస్టులో తెలుగు వచ్చింది అతనికొక్కడికే. నాకు ఇంటి నుంచి ఉత్తరం వస్తే, కళ్లజోడు మరిచానని చెప్పి అతనికిచ్చాను. చదివి పెట్టాడు. రెండో ఉత్తరానికి అదే మాట చెప్పాను. మూడోసారి కాగితం తీసుకోకుండా నా ముఖం చూశాడు.

"అన్నా, నీకు కళ్లజోడే లేదు గదా. మాతోటి గూడ పరదా ఏందే?"

ఆ రోజు నుంచి సామాను దించాక మిగిలే అరగంట నాకు బడి. మటన్ డబ్బాలు వచ్చే అట్టపెట్టె చింపి, బుఖారీ మసిలో వేలు ముంచి రాసేవాడు. బుఖారీ అంటే బంకర్లో వేడికి పెట్టుకునే కిరోసిన్ పొయ్యి. నేను తప్పు రాస్తే తిట్టేవాడు కాదు, నవ్వేవాడు. "నీ అ జూడు, ఖచ్చర్ పండుకున్నట్టుంది" అనేవాడు, మా కంచరగాడిదల్ని చూపిస్తూ. బంకర్లో మిగతావాళ్లకి మేం ఇంటి చిరునామాలు రాసుకుంటున్నామని చెప్పేవాడు.

అతనికి లెక్కల పిచ్చి. పొయ్యి మీద చేతులు కాచుకుంటూ, ఈ మంటకి కింద ఎంత, ఇక్కడికి వచ్చేసరికి ఎంత అని కట్టేవాడు. ఒకసారి అన్నాడు: "గీ కొండ మీద అందరికంటే సస్తా మనమే అన్నా. కిరోసిన్ కూడా మనకంటే మహంగా." మనం చవక, కిరోసిన్ ఖరీదు అని అదే మాట హిందీలోనూ చెబితే బంకర్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

డిసెంబర్ మంచులో ఫోన్ తీగ తెగిపోయింది. ఆ తర్వాత పోస్టుకీ కింద ఉన్న మాకూ మధ్య ఉన్నది అతని వైర్‌లెస్ సెట్ ఒక్కటే. సెట్‌కి బ్యాటరీలు కావాలి. అవి రేకు డబ్బాల్లా ఉంటాయి, అరచేతి కంటే కొంచెం పెద్దవి. చలికి వాటి చార్జి త్వరగా దిగిపోతుంది.

జనవరిలో కొత్త కాంట్రాక్టర్ పంపిన బ్యాటరీల లాటు వచ్చింది. పది పెట్టెలు. కొత్త చెక్క, కొత్త రంగు, కొత్త లేబుల్. రూలు ఏమిటంటే, పది పెట్టెలకి ఒకటి విప్పి లోపలి సరుకు మీద ఉన్న రాత చదవాలి. కాంట్రాక్టర్ పెట్టె మీద ఏమైనా అంటించగలడు, లోపలి రేకు మీద గుద్దిన అక్షరం చెరపడం కష్టం. అందుకే ఆ రూలు. ఆ పని ఆ రోజు హవల్దార్ నాకు చెప్పాడు.

విప్పాను. పై వరుస తీసి పక్కన పెట్టాను. చెయ్యి లోపలికి పోనిచ్చాను. కింది వరుస తీశాను. రేకు మెరుస్తోంది. తుప్పు లేదు. కారడం లేదు. చేతిలో బరువు తూచాను, సరిగ్గా ఉంది. వాసన చూశాను. మూల మీద వేలు పెట్టాను, ఉబ్బెత్తుగా ఏవో అక్షరాలు తగిలాయి. పై వరుస మీదా అవే, కింది వరుస మీదా అవే. ఒకేలా ఉన్నాయి కదా, మంచి సరుకే అనుకున్నాను.

హవల్దార్ షెడ్డు గుమ్మంలోంచి అడిగాడు. "దేఖా?"

"దేఖా సాబ్. నీచే తక్ దేఖా." చూశాను, కింది వరుస కూడా చూశాను అన్నాను.

సోమవారం పదకొండు నలభైకి పోస్టులో దించాను. ఆపరేటర్ డ్యూటీ దిగి నిద్రపోతున్నాడు. లేపలేదు. ఆ రోజు బడి లేదు.

మంగళవారం మధ్యాహ్నం రెండు ఇరవైకి కింద మా సెట్ దగ్గరున్న సర్దార్జీ నన్ను కేకేశాడు. నీ ఊరివాడు పిలుస్తున్నాడని. సెట్‌లో తెలుగు మాట్లాడటానికి వీల్లేదు. అతను తెలుగులోనే మాట్లాడాడు.

"అన్నా, గీ డబ్బాలు ఎవలు ఇప్పి చూసిండ్రు?"

"నేనే."

సెట్‌లో గరగర మధ్య అతని మాట మళ్లీ వచ్చింది.

"సరే. పరేషాన్ గాకు. ఎవనికీ చెప్పకు, నేను సుత చెప్ప. జెర గరం చేసుకుంట నడిపిస్త. గురువారం వచ్చేటప్పుడు పాతయి ఉంటే పట్కరా."

సెట్ ఆగిపోయింది. అతను ఏమన్నాడని సర్దార్జీ అడిగాడు. ఇంటి సంగతులు అన్నాను.

షెడ్డులో పాత లాటువి ఆరు బ్యాటరీలు ఉన్నాయి. మంచివి. హవల్దార్ నాకు పది అడుగుల దూరంలో ఒక జంతువు గిట్ట చూస్తున్నాడు. ఆ పది అడుగులు నడిచి ఒక్క మాట చెబితే బుధవారం పొద్దున్నే ఇద్దరు మనుషులు ఆ ఆరూ తీసుకుని బయలుదేరేవారు. కానీ నువ్వు చూశానన్నావు కదా అని అడుగుతాడు. రాత చదవలేదా అంటాడు. పద్నాలుగేళ్ల అబద్ధం అక్కడ బయటపడుతుంది. పెన్షన్‌కి ఇంకా పది నెలలు ఉంది. గురువారం ఎంత దూరం, ఒకటిన్నర రోజు అనుకున్నాను. పోయి జంతువులకి దాణా పెట్టాను.

బుధవారం పొద్దున తొమ్మిది దాటి ఐదు నిమిషాలకి పై నుంచి కాల్పులు వినిపించాయి. మంచు సన్నగా పడుతోంది. కొండ మీద రెండు పోస్టులు. ఒకటి మాది, ఇంకొకటి వేరే యూనిట్‌ది. లోయలో శబ్దం తిరుగుతుంది, ఎక్కడిదో తెలియదు. సర్దార్జీ మా పోస్టుని పిలిచాడు, పిలిచాడు, జవాబు లేదు. వేరే యూనిట్ నుంచి, దాడి తమ మీద కాదని కబురు తెప్పించుకునేసరికి పదిన్నర. అప్పుడు కదిలాం. పదహారు మందిమి. నా సంచిలో ఆ ఆరు బ్యాటరీలు ఉన్నాయి. ఎవరూ పెట్టమనలేదు.

మూడు యాభైకి చేరాం. మిలిటెంట్లు పోస్టుని గెలవలేక వెనక్కి పోయారు, తమవాణ్ణి ఒకణ్ణి వదిలేసి. వాడు రాళ్ల మధ్య బోర్లా పడి ఉన్నాడు. కొత్త బూట్లు, సరిగ్గా సరిపోయే సైజు. జేబులో చిన్న సెట్ ఉంది. అది ఇంకా మాట్లాడుతోంది. అవతల ఎవడో వాణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నాడు, మాట స్పష్టంగా వినపడుతోంది. వాళ్లకి సరుకు కొనిపెట్టినవాడు మంచి సరుకే కొన్నాడు.

మావాళ్లలో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ఆపరేటర్‌కి తొడలో తూటా. ఆ తర్వాత జరిగింది పోస్ట్ కమాండర్ చెప్పాడు. గుడ్డ బిగించి కట్టారట. రక్తం తగ్గింది గానీ ఆగలేదు. హెలికాప్టర్ కోసం పిలవాలి. ఒక్కో బ్యాటరీ చొక్కా లోపల పెట్టుకుని, వేడెక్కాక సెట్‌కి తగిలించి, "హలో" అనేవాడట. అర నిమిషం వచ్చేది, పోయేది. మళ్లీ ఇంకొకటి లోపల పెట్టుకునేవాడు. ఐదు గంటలు అదే పని. సెట్ దగ్గరికి ఇంకెవరినీ రానివ్వలేదట. బ్యాటరీలకి ఏమైందని అడిగితే, చలి సార్ అన్నాడట.

మేం రావడానికి పావుగంట ముందు అతని మాట, ఊపిరి రెండూ ఆగాయి.

ఎంక్వయిరీ మూడు వారాలకి, అదే రేకుల షెడ్డులో జరిగింది. బల్ల వెనక ఒక ఆఫీసర్. తనిఖీ చేశావా అని అడిగాడు. చేశానన్నాను. హవల్దార్ కూడా అదే చెప్పాడు, అతనికి నేను చెప్పింది అదే కాబట్టి. ఇంగ్లీషులో రాసిన కాగితం నాకు హిందీలో చదివి వినిపించారు. తీవ్రమైన చలి వల్ల బ్యాటరీలు పనిచేయలేదు. కాంట్రాక్టర్ ప్రస్తావన లేదు, నా ప్రస్తావన లేదు. దోషం చలిది. నేను నా సంతకం గీశాను. చలికి వకీలు లేడు కదా.

మిగిలిన బ్యాటరీలు వాగు పక్కన గొయ్యి తీసి పూడ్చారు. గొయ్యి తీసింది నేనే. మార్చిలో ఇంకో లాటు వచ్చింది. అదే చెక్క, అదే రంగు.

తర్వాతి నవంబర్‌లో పెన్షన్ మీద బయటికి వచ్చి, ఉదయం ఏడుకి ముందే సికింద్రాబాద్ స్టేషన్లో దిగాను. ఆటో ఆయన నా ట్రంకుపెట్టె చూసి డబ్బులు వద్దన్నాడు. మీ వల్లే మేం హాయిగా నిద్రపోతున్నాం అన్నాడు. డబ్బులు సీటు మీద పడేసి దిగిపోయాను. జనగామకి ఒక్కసారి వెళ్లాను. గడియారాల దుకాణం ముందు నిలబడ్డాను. వాళ్ల నాన్న కంటికి భూతద్దం పెట్టుకుని పని చేసుకుంటున్నాడు. ఏం కావాలని అడిగాడు. టైమెంతయిందని అడిగి వచ్చేశాను. ఇంతకంటే వీరత్వం నా దగ్గర లేదు.

యాభై రెండో ఏట మల్కాజ్‌గిరిలో వయోజన విద్యా కేంద్రానికి పోవడం మొదలుపెట్టాను. తెలుగు ఒక ఏడాదిలో వచ్చింది. తర్వాత మేడమ్ ఇంగ్లీషు పెద్ద అక్షరాలు బోర్డు మీద రాసింది. నిలువు కర్ర మీద అడ్డకర్ర ఉన్న అక్షరం దగ్గర నేను లేచి నిలబడ్డాను. దాని తర్వాత ఏమేం వస్తాయో ఆమె చెప్పకముందే ఒక్కొక్కటీ బోర్డు మీద గీశాను. కొన్ని తిరగేసి గీశానట. దిద్ది, చదివి చెప్పింది. ట్రైనింగ్ ఓన్లీ. శిక్షణకు మాత్రమే. గడువు తీరిన సరుకు మీద గుద్దే మాట. ఎక్కడ చూశారు అని అడిగింది. చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఆ బుధవారం పోస్టులో అతని చొక్కా గుండీలు విప్పింది నేను. రెండు చేతులూ ఛాతీ మీద బిగిసి ఉన్నాయి, వేళ్లు ఒక్కొక్కటిగా తీశాను. బ్యాటరీ తీసి పట్టుకుంటే వెచ్చగా ఉంది. అది ఉన్న చోట, ఎడమ రొమ్ము కింద, చర్మం మీద ఆ అక్షరాలు లోతుగా, తిరగబడి, వరుసగా అచ్చు పడి ఉన్నాయి.