మా తోటలో సముద్రపు హద్దు

భావనపాడు వైపున్న మా జీడితోటలో, షెడ్డు పక్కన పొడుగు కొబ్బరిచెట్టు ఒకటుండేది. తుఫానుకి చుట్టూ ఉన్నవన్నీ కూలినా అదొక్కటే కాస్త వాలి నిలబడింది. అంత ఎత్తు ఎక్కే మనిషి దొరకడు. నా దృష్టిలో అది దండగమారి చెట్టు.

సముద్రం మీదికి వెళ్లేవాళ్లకి అలా కాదు. మా ఇంటికి చేపలు తెచ్చే పెద్దాయనని నేను మావా అంటాను, ఆయన నన్ను బాబూ అంటాడు. ఆయన ఊరివాళ్లూ పక్క ఊరివాళ్లూ కూర్చుని, చేపలు గుడ్లు పెట్టే రాళ్ల చుట్టూ వల వేయకూడదని కట్టుబాటు పెట్టుకున్నారు. కాగితం లేదు, కంచె లేదు. పడవలోంచి చూస్తే మా చెట్టూ, వాళ్ల ఊరి నీళ్ల ట్యాంకూ ఒకే వరసలోకి వచ్చేచోట హద్దు. దాటితే పది రోజులు పడవ ఒడ్డునే ఉండాలి. గుడ్లున్న చేప తెమ్మని నేను ఏడిపిస్తే, "ఆ సేప కావాలంటే ఇంకో మావని ఎతుక్కోండి బాబూ" అని నవ్వేవాడు.

ఒకరోజు చేపలిస్తూ అన్నాడు. "ఆ పొడుగు సెట్టు మాత్రం కొట్టించకండి బాబూ. మా హద్దు దాని మీదే ఉన్నాది."

"ఫోన్లో మ్యాపుంటుంది కదా మావా, చూసుకోవచ్చు."

"ఫోను అందరికాడా ఉంటాదేటి? సెట్టయితే అందరికీ ఔపడతాది."

ఊఁ అన్నాను. ఊఁ అనడం నాకు బాగా అలవాటు.

మళ్లీ గాలివానలు వచ్చే రోజులకి, చెట్టు షెడ్డు మీద పడుతుందేమోనని భయం పట్టుకుంది. పలాస నుంచి రంపం మెషిన్ వాళ్లని పిలిపించాను. అరగంటలో పని అయిపోయింది. పెద్దాయన మాట అప్పుడు గుర్తు రాలేదని ఇంట్లో చెప్పాను. అబద్ధం. గుర్తొచ్చింది. ఒక్క చెట్టుకి ఏమవుతుందిలే అనుకున్నాను.

హద్దు దాటిన మొదటి పడవ ఆయనదే. చెట్టు లేని ఒడ్డుని చూసి అంచనా మీద వల వేశాడు. వల రాళ్లకి పట్టుకున్నాక గానీ తెలియలేదు. ఒడ్డుకొచ్చి తనే ఒప్పుకుని, పది రోజులు పడవెక్కలేదు. ఆ తర్వాత ఇంకో పడవ దాటింది. "పెద్దాయనకే తెలీనప్పుడు మాకేటి తెలుస్తాది" అన్నారు. పక్క ఊరివాళ్లదీ అదే మాట. ఎవరికి వారు తమకి కావలసినచోట హద్దు చూపించారు. ఏడాది తిరక్కుండానే రాళ్ల మీద కూడా వలలు పడ్డాయి.

నేను వెళ్లి తప్పయిపోయిందన్నాను. "తోట మీది, సెట్టు మీది. మేమేటంటాం బాబూ" అన్నాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. చెట్టున్నచోటే మొక్క నాటాను. అదింకా నా నడుం దాటలేదు.

మొన్న ఆయన చేప తెచ్చి, "మీరు అడిగేవోరు కదా" అని నా చేతిలో పెట్టాడు. ఎగతాళి కాదు, ఆ మనిషికి అది రాదు. మా ఆవిడ కోస్తే కడుపు నిండా గుడ్లు. ఎక్కడ పట్టాడో అడగక్కర్లేదు. పారేయాలనిపించింది గానీ పారేయలేదు. ఇంటిల్లిపాదీ కూర్చుని తిన్నాం. కూర రుచిగానే ఉంది.