పద్దెనిమిది కొట్టివేతలు

మా వీధి లైబ్రేరియన్, దర్జీ కూతురి మీద కక్షగట్టి, ఆ పిల్ల కాలేజీకి రాసిన వ్యాసాన్ని నాశనం చేశాడని చెప్పుకుంటున్నారు. శుద్ధ అబద్ధం. ఆయనకు మనుషుల మీద కక్షలుండవు, మాటల మీదే అనుమానం. "వాన పడుతోందండీ" అంటే, "మీరు చూశారా, ఎవరైనా చెప్పారా?" అని తేల్చుకున్నాకే గొడుగు తీస్తాడు. జ్వరముందన్న డాక్టర్ని, ఆ థర్మామీటరు ఎప్పుడు కొన్నారని అడిగిన మహానుభావుడు.

దర్జీ కూతురు రాసింది నలభై ఏళ్ల కిందట మా వీధిని ఊపేసిన విషజ్వరాల గురించి. కాలేజీలో ఎదురుగా కూర్చోబెట్టి దాని మీద ప్రశ్నలు వేస్తారు. తప్పితే ఏడాది పోతుంది. ఇరవై రెండు ఆధారాలు పోగేసుకుంది పాపం. వాటిలో మొదటిది నేను. ఒకసారి చూసిపెట్టమని ఆ పిల్ల వ్యాసం చేతికిస్తే, ఈ లైబ్రేరియన్ ఎర్ర కలం పట్టుకుని మా గుమ్మంలోకే వచ్చాడు.

"పెద్దమ్మగారూ, అరవై మంది పోయారని చెప్పారట. లెక్కపెట్టారా?"

"వీధంతా అనుకున్నదేగా."

"అప్పుడు మీరెక్కడున్నారు?"

"పురిటికని మా అమ్మ దగ్గర. ఆరు నెలలు."

"బిడ్డ కులాసాయేనా?" అని మర్యాదగా అడిగి, నన్ను కొట్టేశాడు. ఆ బిడ్డకిప్పుడు బట్టతల.

నాతో కలిపి పద్దెనిమిది ఎగిరిపోయాయి. మందుల కంపెనీ కరపత్రం పోయింది. మందు అమ్ముకునేవాడు జ్వరాన్ని తక్కువ చేసి చెప్తాడా అన్నాడు. ఫోన్లో దొరికిన వ్యాసానికి రాసినవాడి పేరూ లేదు, తేదీ లేదు. పెద్ద డాక్టరు రాసిన లావుపాటి పుస్తకాన్నీ వదల్లేదు. "నమ్మదగిందేనమ్మా. కానీ ఇది పశువుల జ్వరాల గురించి." పిల్ల లైబ్రరీలోనే భోరుమంది. పుకారు పుట్టింది అక్కడే.

తర్వాత నాలుగు రోజులు ఆయన సెలవు పెట్టాడు. నేను ఊరుకుంటానా, ఆరా తీశాను. పెద్దాసుపత్రి పాత రికార్డుల గదిలో, ముక్కుకు రుమాలు కట్టుకుని, తుమ్ముతూ రిజిస్టర్లు తిరగేస్తున్నాడట. అట ఏమిటి, నేనే వెళ్లి కిటికీలోంచి చూశాను. పక్కన ఆ పిల్ల రాసుకుంటోంది. తేలిందేమిటంటే, జ్వరాలకు పోయింది పదకొండు మంది. మిగతా నలభై తొమ్మిది మందినీ మా వీధి నోటితోనే చంపేసింది. అందులో నా వాటా ఎంతో చెప్పను.

పిల్ల పాసైంది. ఒక్కో ఆధారం పట్టుకుని ఇది ఎందుకు నమ్మావని గుచ్చి గుచ్చి అడిగితే, తడుముకోకుండా చెప్పానంది.

ఆ సాయంత్రమే లైబ్రరీకి వెళ్లి సూటిగా అడిగేశాను.

"ఏమయ్యా, ఇంత సాయం చేసేవాడివి, ముందు పిల్లను అంతలా ఏడిపించడం ఎందుకు?"

ఆయన చిరిగిన పుస్తకానికి జిగురు రాస్తూ తలెత్తకుండా అన్నాడు: "అక్కడ కాలేజీలో నలుగురి ముందు ఏడుపొస్తే ఎక్కడికెళ్తుందండీ? ఇక్కడైతే బీరువాల చాటుంది."