అడ్డం, నిలువు, మా ఆయన మాట

నాకు గళ్లనుడికట్టు అంటే ఒళ్లుమంట. మొన్నమొన్నటిదాకా అంతే. ఆదివారం పేపరు గుమ్మంలో పడిందంటే మా ఇంట్లో మగ్గం ఆగిపోయేది. మా ఆయన ఆ నల్లగళ్లూ తెల్లగళ్లూ ముందేసుకుని, పెన్సిలు చెవిలో దోపుకుని, తనలో తనే నవ్వుకునేవాడు.

"ఆ గళ్లు కూడు పెడ్తయా?" అనేదాన్ని నేను.

"కూడు నువ్వు పెడ్తున్నవు గద. నవ్వు గివి పెడ్తయి" అనేవాడు. 

గద్వాలలో మాది నేత ఇల్లు. నూలు చీరకు పట్టు అంచు వేస్తాం. మగ్గం మీద ఆయనకు పడుగూ పేకా ఎలాగో, పేపర్లో అడ్డమూ నిలువూ అలాగ. ఆ గళ్లు మామూలువి కావు. మామూలు వాటిలో "చంద్రుడు" అని ఇస్తారు, మనం "జాబిలి" అని రాస్తాం, అయిపోతుంది. వీటిలో ప్రతి ఆధారమూ ఒక వెక్కిరింపే. నాయకుల మీద, ఆఫీసర్ల మీద, చివరికి మన మీద కూడా. "నాయకుడు నోటితోనే చేసే దానం, చేతికి అందదు, మూడక్షరాలు" అని ఉంటుంది. జవాబు వాగ్దానం. వాక్కు అంటే నోటిమాట, దానికి దానం తగిలించాడన్నమాట. మొదటిసారి మా ఆయన ఇది విడమరిచి చెప్పినప్పుడు నాకూ నవ్వొచ్చింది. పైకి మాత్రం మూతి తిప్పుకుని వంటింట్లోకి పోయాను. నవ్వితే ఇంకో పది చెప్తాడని భయం.

ఈ పిచ్చికి ఆయనకొక తోడు. పెద్దమందడి దగ్గర పల్లీ వేసుకునే రైతు. అత్తగారి ఊరు గద్వాలే కావడంతో వస్తూ పోతూ ఉండేవాడు. లైబ్రరీలో ఒకే పేపరు కోసం ఇద్దరూ కొట్లాడుకుని దోస్తులయ్యారు. మా ఆయనను బావా అంటాడు, నన్ను చెల్లె అంటాడు. నేను అన్నా అంటాను. ఆదివారం పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం బస్సుకు పోయేవాడు. ఇద్దరికీ ఒక కట్టుబాటు ఉండేది. జవాబు తెలిస్తే చాలదు, అది ఎలా వచ్చిందో విప్పి చెప్పాలి. చెప్పేదాకా గడిలో అక్షరం పడకూడదు. "ఎట్లనో చెప్పు, గప్పుడు రాయి" అనుకుంటూ ఒకరినొకరు సతాయించుకునేవారు. విప్పి చెప్పడంలో మా ఆయనదే పైచేయి. అసలు ఆయనకు గళ్లు నింపడం కంటే ఆ చెప్పడమే ఇష్టం.

నిరుడు వానాకాలంలో, మగ్గం మీదే, పక్షవాతం వచ్చి పడిపోయాడు. కుడిచెయ్యి పోయింది. మాట పోయింది. ఎవరేమన్నా అర్థమవుతుంది, లోపల అన్నీ ఉన్నాయి, బయటికి మాత్రం ఒక్క మాటే వస్తుంది. "అదే." ఆకలైనా అదే, కోపమొచ్చినా అదే. దవాఖానలో డాక్టరమ్మ "మాట మెల్లమెల్లగ వస్తదమ్మా, తొందరపెట్టకు" అంది. నేను తలూపాను. ఇంటికొచ్చి చేసింది మాత్రం వేరు. ఆయన నోరు తెరవగానే నేను అందుకునేదాన్ని. నీళ్లా? పడుకుంటవా? ఫ్యాను బంద్ చెయ్యాల్నా? చూడటానికి వచ్చినవాళ్లు ఆయన్ను అడిగితే జవాబు నేనే చెప్పేదాన్ని. అదే సేవ అనుకున్నాను. పాపం, ఆయన కష్టపడకూడదు గదా!

ఆ అన్న చూడటానికి వచ్చిన రోజు పేపరు జేబులోనే ఉండిపోయింది. ఊరికే కూర్చుని, చాయ్ తాగి, లేచాడు. గుమ్మం దగ్గర నాతో మెల్లగా అన్నాడు.

"గళ్లు ఇగ ఎందుకులే చెల్లె. చెప్పరాకపోతే బావ మనసు ఖరాబైతది. ఉట్టిగ పరేషాన్ చేసినట్టు."

నిజానికి నేను సంతోషపడాలి. పీడ విరగడైందని ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టాలి. కానీ ఇదీ పోతే ఇక మిగిలేదేమిటి? తినిపిస్తే తినే మనిషి, పడుకోబెడితే పడుకునే మనిషి. లోకాన్నంతా వెక్కిరించి నవ్వే ఆ మనిషి ఏమైపోతాడు? నాకు నా మొగుడు కావాలి, వెటకారంతో సహా.

"పేపరు పట్టుకొని రా అన్నా. వచ్చే ఐతారం" అన్నాను.

వచ్చాడు. మంచం పక్కన కుర్చీ వేసుకుని చదివాడు. "అధికారంలో ముందు సగం ఊడినా మిగిలేది మంటే. రెండక్షరాలు."

మా ఆయన కళ్లు వెలిగాయి. ఎన్ని రోజులకు! ఎడమచేతి రెండు వేళ్లు కత్తెరలా ఆడించాడు. తర్వాత నాలుక బయటపెట్టి చేత్తో విసురుకున్నాడు. నేను ఎగిరి లేచాను.

"కూర కారమైందా? అయ్యో, పొద్దుగాలనే అనుకున్న. ఆగు, నీళ్లు తెస్త."

ఆయన తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. నేను చెంబుతో వచ్చి మూతికి ఆనించాను. తోసేశాడు. మళ్లీ ఆనించాను. "తాగు, మంట తగ్గుతది." ఈసారి చెంబును చేత్తో కొట్టాడు. నీళ్లన్నీ పేపరు మీద, మంచం మీద. "అదే! అదే! అదే!" అని అరిచి, గోడవైపు తిరిగి ఏడ్చాడు. నాకూ రోషం వచ్చింది. "చాకిరి చేసి చేసి నా నడుం ఇరుగుతుంది, నా మీదనే ఇసిరికొడ్తవా?" అని నేనూ అరిచాను.

అన్న తడిసిన పేపరును తువ్వాలుతో అద్దుతూ, ఆధారాన్ని మళ్లీ చూశాడు. "చెల్లె, జర ఆగు. అధికారంల ముందటి రెండక్షరాలు కత్తిరిస్తే ఏముంటది? కారం! బావ కత్తెర చూపెట్టిండు, నాలుక చూపెట్టిండు. మొత్తం ఇప్పి చెప్పిండమ్మా. మనమే చూడలే."

జవాబును నేనే నోటితో అనేశాను, అదే విచిత్రం. అని, దాన్ని కూర మీదికి తోసి, ఆయన మొహాన నీళ్ల చెంబు పెట్టాను. చెంబు అక్కడ పెట్టి కింద కూలబడ్డాను. సిగ్గేసింది, అంతకంటే భయమేసింది. ఇన్నాళ్లూ ఇలా ఎన్నిసార్లు ఆయన మాటను నేను మింగేశానో!

మా మగ్గం మీద ఒక పద్ధతుంది. ఈ చివర అంచు ఆయనది, ఆ చివర అంచు నాది. మధ్యలో నూలు బట్ట. ఆయన దారం కండె ఉన్న నాడె విసిరి, దారం సర్దుకుని, గడ్డం కొంచెం ఎత్తుతాడు. అప్పుడు నేను నా నాడె వేయాలి. ముందే వేస్తే అంచు దారమూ బట్ట దారమూ ఒకదాన్నొకటి పట్టుకోవు, సందు పడుతుంది, విప్పి మళ్లీ నేయాలి. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నేను తొందరపడి ఎన్నో సందులు పెట్టాను. ఆయన విప్పేవాడు, సర్దేవాడు, మళ్లీ గడ్డం ఎత్తేవాడు. అలా నేర్చుకున్నాను. తలలు నెరిసేదాకా మగ్గం మీద ఆయన గడ్డం కోసం ఆగినదాన్ని, మంచం దగ్గర అరనిమిషం ఆగలేకపోయాను.

అందుకే ఆ సాయంత్రమే ఇద్దరికీ చెప్పాను. "ఇగ గళ్ల కాడ గూడ మగ్గం లెక్కనే. ఆయన చెప్పుడు అయినంక గడ్డం ఎత్తుతడు. గప్పటిదాక నేను గాని నువ్వు గాని నోరు తెరుసుడు లేదు." మా ఆయన నన్ను వింతగా చూశాడు. ఆ చూపులో "ఇది అయ్యే పనేనా?" అన్న వెటకారం ఉంది. దాన్ని చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

చెప్పినంత తేలిక కాదు. నోరు మూసుకుని కూర్చోవడం నాకు పుట్టుకతో రాలేదు. చీర కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేదాన్ని. కొన్ని ఆదివారాలు ఒక్క గడి కూడా నిండేది కాదు, అన్న ఉత్త చేతులతో బస్సెక్కేవాడు. కొన్నిసార్లు ముచ్చటగా కుదిరేది. "ఆఫీసరు చేతిలోది తిరగబడితే కాలిపోయే రాజ్యం" అని ఒకటి వచ్చింది. ఆయన పెన్సిలు ఎత్తి చూపి, దాన్ని తలకిందులు చేసి, గడ్డం ఎత్తాడు. కలం తిరగేస్తే లంక! నాకంతట నాకే తట్టింది. గంతేసినంత పని చేశాను. ఇంతకాలం ఈ గళ్లను తిట్టిపోసినదాన్నే మరి. ఆయన పెదవులు కూడా కదలడం మొదలైంది. "తి... తి..." అని ఆగిపోయేవాడు. మిగతాది, తిప్పితే అన్న మాట, నా నాలుక చివరే ఉండేది. మింగేదాన్ని.

ఈ ఎండాకాలం ఒక ఆదివారం. అన్న చదివాడు. "తవ్వకాలు వచ్చే ఏడాదంటూ దాచిపెట్టిన నీళ్ల దారి. మూడక్షరాలు." పొయ్యి మీద అన్నం ఉంది. మా ఆయన చాలాసేపు పేపరునే చూశాడు. తర్వాత ఎడమచెయ్యి తువ్వాలు మడతలో దూర్చాడు. నాకు అర్థమైంది, అన్నకూ అర్థమైంది. కానీ గడ్డం లేవలేదు. పెదవులు కదిలాయి. "లో..." అన్నాడు. ఆగాడు. చెమట పట్టింది. "లో..." మళ్లీ. వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. అన్న నా వైపు చూశాడు, గోడ మీద గడియారం వైపు చూశాడు. నేను కదల్లేదు. అన్నం మాడితే మాడనీ. బస్సు పోతే ఇక్కడే పడుకుంటాడు.

"లో... పల."

గడ్డం ఎత్తాడు. లోపల! పూర్తి మాట. "తవ్వకాలు వచ్చే" లోపల కాలువ దాక్కుని ఉంది. అన్న ఎగిరి కుర్చీలోంచి లేచి ఆ మూడక్షరాలూ గళ్లలో వేశాడు. "నా చేను కాడ గూడ గిట్లనే బావా! ఏడాదేడాది వచ్చే ఏడు అంటరు, కాలువ గీ గళ్లల్లనే కనవడ్డది!" అని పడీపడీ నవ్వాడు. నవ్వు ఆగాక నా వైపు తిరిగాడు. "చెల్లెకు మొక్కాలె బావా. ఎంత ఓపిక, ఎంత ఓపిక!"

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. వేలు నా మీదికి చూపించాడు.

"ఇది... ఆగదు. ఎప్పుడు... ఆగదు."

ఇన్ని నెలల తర్వాత నా మొగుడు మాట్లాడిన మొదటి వాక్యం నా మీద ఫిర్యాదు! సంతోషంతో కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, ఇంకో పక్క ఒళ్లు మండుతోంది. అన్నం మాడబెట్టుకుని కూర్చున్నదాన్ని పట్టుకుని ఇంత మాటంటాడా? గట్టిగా జవాబు చెబుదామని నోరు తెరిచాను. ఆయన పెదవులు ఇంకా కదులుతున్నాయి. చెప్పడం అయిపోలేదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

"ఇయ్యాల..." అన్నాడు. గుటక వేశాడు. చాలాసేపు పట్టింది.

"ఇయ్యాల ఆగింది."